చిటికెడు చాలన్నాను

బరంపురంలో నేను పనిచేసే ల్యాబ్‌లో ఇరవై రెండేళ్ళుగా నా పని ఒకటే. జనం ఒంట్లోంచి వచ్చిన చీమూ, మూత్రమూ, కఫమూ గాజు పళ్ళెంలో పూసి, అందులో ఏ బ్యాక్టీరియా పెరిగిందో, దాన్ని ఏ మందు చంపుతుందో చూసి కాగితం మీద రాయడం. పళ్ళెంలో గడ్డకట్టిన జావలాంటిది ఉంటుంది. బ్యాక్టీరియాను దాని మీద పూసి, పైన మందు అద్దిన చిన్న కాగితం బిళ్ళలు వరసగా పెడతాను. మర్నాటికి పళ్ళెమంతా మసకపొర కమ్ముతుంది. మందు పనిచేస్తే ఆ బిళ్ళ చుట్టూ మాత్రం గుండ్రంగా ఖాళీ మిగులుతుంది. స్కేలు పెట్టి ఆ ఖాళీని కొలుస్తాను. చాలినంత ఉంటే మందు పేరుకెదురుగా ఎస్ అని వేస్తాను, పనిచేస్తుందని. లేకపోతే ఆర్, పనిచేయదని. ఇంతే నా విద్య. డాక్టర్లు నా సంతకం వైపు చూడరు, ఆ అక్షరాలే చూస్తారు.

ఈ కాస్త విద్యకే మా బంధువుల్లో నేను సగం డాక్టర్ని. ఎవరికి జ్వరమొచ్చినా, ఎవరి చిగుళ్ళు వాచినా నాకే ఫోను. నేనూ తక్కువదాన్ని కాదు. మందుల పేర్లు రోజూ చూసేదాన్ని కాబట్టి ధారాళంగా చెప్పేదాన్ని. అడిగినవాళ్ళకు "తెలీదు" అని చెప్పడం నాకు చేతకాదు. అది నా జబ్బు, దానికి ఏ బిళ్ళా పనిచేయదు.

మందుని సగం చేయడం మాకు ఉగ్గుపాలతో వచ్చిన అలవాటు. మా అమ్మ దగ్గర ఒక స్టీలు డబ్బా ఉండేది, మూతకు సొట్ట. ఎవరి జ్వరానికి కొన్న బిళ్ళలైనా సరే, జ్వరం దిగిన పూటే మిగిలినవి అందులోకి చేరేవి. మళ్ళీ ఎవరికైనా ఒళ్ళు వెచ్చబడితే అమ్మ డబ్బా తీసి, బిళ్ళని గోరుతో రెండు ముక్కలు చేసి, సగం చేతిలో పెట్టేది. "పూర్తిగా ఏస్తే ఏడి సేస్తాది. సగం సాలు" అనేది. పక్కింటి ఒడియా వాళ్ళు కూడా ఆ డబ్బా కోసం వచ్చేవారు. జ్వరాలు తగ్గేవి కూడా. వాటంతట అవి తగ్గిపోయే జ్వరాలని మాకెవరు చెప్తారు? అమ్మ పోయాక ఆ డబ్బా అప్పకు వెళ్ళింది.

ఒడిశాలోని గంజాం తెలుగువాళ్ళం, మేం అక్కను అప్ప అంటాం. అప్ప నాకంటే ఎనిమిదేళ్ళు పెద్దది. అమ్మ మంచాన పడ్డ ఏడాది బడి మానేసి ఇల్లు చూసుకుంది, అందుకే నేను చదువుకోగలిగాను. ఈ మాట అప్ప ఒక్కసారీ అనలేదు, నేనే అంటున్నాను. వానాకాలంలో మా వీధి చివర కాలవ పొంగితే నన్ను వీపున ఎక్కించుకుని, మోకాలి లోతు నీళ్ళలో నడిచి అవతలికి దాటించేది. నా యూనిఫాం అంచు కూడా తడిసేది కాదు.

అప్పను ఛత్రపూర్ అవతల, ఆర్యపల్లి దగ్గర ఇచ్చారు. బావకి సముద్రపు పాయ పక్కన రెండు రొయ్యల చెరువులు. పాయలోంచే నీళ్ళు తోడతారు, మళ్ళీ పాయలోకే వదుల్తారు. చెరువుల చుట్టూ కంచెకు బదులు మొగలి పొదలు. బావ మంచివాడు. ఇది ముందే చెప్పేస్తున్నాను. ఈ కథలో ఒక్క చెడ్డవాడు దొరికినా నాకు ప్రాణం ఎంతో తేలిగ్గా ఉండేది.

ఆరేడేళ్ళ కిందట ఒక వేసవిలో ఆ చెరువుల్లో రొయ్యలు మేత మానేశాయి. పేగు తెల్లబడి గట్టు వారకు వచ్చి చచ్చేవి. బావ చెరువు నీళ్ళు కూల్‌డ్రింకు సీసాలో పట్టి, బస్సులో ఒళ్ళో పెట్టుకుని బరంపురం వచ్చాడు. మా ల్యాబ్‌లో అందరూ భోజనానికి వెళ్ళినప్పుడు, రోగుల కోసం తెచ్చిన పళ్ళేల్లో రెండు తీసి ఆ నీళ్ళు పూశాను. అది నా పని కాదు. రొయ్యల రోగాలది వేరే చదువు, అది నేను చదవలేదు. అయినా మర్నాడు ఒక బిళ్ళ చుట్టూ అంత చక్కటి ఖాళీ కనిపించేసరికి నా కళ్ళు నెత్తికెక్కాయి. ఆ మందు పేరు చీటీ మీద రాసి బావ చేతిలో పెట్టాను.

"ఎంత ఎయ్యాలమ్మా?" అని అడిగాడు.

నాకు తెలీదు. తెలీదు అంటే సరిపోయేది. చెరువుల డాక్టరుని అడగమంటే ఇంకా బాగుండేది.

"ఎక్కువొద్దు బావా, మందు కదా. మేతలో కలిపి రోజూ సిటికెడు ఎయ్యండి, సాలు" అన్నాను.

ఎక్కువ వేస్తే ప్రమాదం, తక్కువ వేస్తే మహా అయితే పనిచేయదు, అంతేగా అనుకున్నాను. అమ్మ డబ్బా నా తలలో ఉండి మాట్లాడిన మాట అది. మనిషికి సగం బిళ్ళ చాలినప్పుడు రొయ్యకి చిటికెడు చాలదా?

బావ నా మాటని నియమంలా పట్టుకున్నాడు. రోజూ పొద్దున్నే స్నానం చేసి, గంజిలో కాస్త బెల్లం కలిపి, అందులో ఆ పొడి రెండు వేళ్ళతో చిటికెడు వేసి, మేతకు పట్టించి నీడలో ఆరబెట్టేవాడు. ఈ చెరువుకో చిటికెడు, ఆ చెరువుకో చిటికెడు. పొడి అమ్మే మేత కొట్టు అతను కూడా "టికే టికే" అన్నాడట, కొంచెం కొంచెంగానే వెయ్యమని. ఇద్దరం చదువుకున్నవాళ్ళం ఒకే మాట చెప్పాం కదా అని బావకు ధైర్యం. రొయ్యలు పట్టడానికి కొన్నాళ్ళ ముందు మాత్రం ఆపేసేవాడు, కొనేవాళ్ళ పరీక్షలో దొరక్కుండా. అలా ఆపితే చాలు, అంతా శుభ్రమైపోయినట్టే అనుకున్నాం.

రొయ్యలు తేరుకున్నాయి. ఆ వారంలోనే వానలు పడి నీళ్ళు చల్లబడ్డాయి, దాని వల్లే తేరుకున్నాయో ఏమో. పేరు మాత్రం నాకొచ్చింది. ఆ ఏడు నుంచి రొయ్యలు పట్టినప్పుడల్లా నాకు థర్మోకోల్ పెట్టెలో ఐసు వేసి పెద్దవి ఏరి పంపేవారు. అప్ప ఫోను చేసి, "నీ సదువు మాకు అన్నం పెడతన్నాదే" అనేది. నేను ఆ రొయ్యలు కూర చేసుకుని, ల్యాబ్‌లో అందరికీ పంచి, కథ చెప్పుకున్నాను. ఇప్పుడు తలుచుకుంటే నా మీద నాకు అసహ్యం వేస్తుంది.

మూడేళ్ళ తర్వాత నాకు తెలిసింది. ఇక్కడి కాలేజీలో పాఠాలు చెప్పే ఒక మేడం, ఆదివారాలు నన్ను తన ప్రయోగాలకు సాయం పిలిచేది. నా చెయ్యి శుభ్రమని ఆమెకు నమ్మకం. ఒకసారి మురుగు కాలవ నీళ్ళు తెప్పించి మూడు సీసాల్లో పోసింది. మొదటి దాంట్లో మందు లేదు. రెండో దాంట్లో చంపేంత మందు. మూడో దాంట్లో ఏ బ్యాక్టీరియా కూడా చావనంత తక్కువ మందు. ప్రతి రోజూ ప్రతి సీసాలోంచి కాస్త తీసి, అంతే మందున్న కొత్త సీసాలోకి మార్చడం నా పని. పది రోజులు పోయాక మూడింటినీ పళ్ళేల్లో పూసి, అదే మందు బిళ్ళలు పెట్టాం.

చంపేంత మందు వేసిన దాంట్లో ఏమీ మొలవలేదు. మందు లేనిదాంట్లో బిళ్ళ చుట్టూ ఖాళీ ఉంది, ఆ ఖాళీలో అక్కడొకటి ఇక్కడొకటి చుక్క, మందుకు చావనివి. మూడోది, ఆ కొంచెం మందుది, తీసి వెలుతురుకి పెట్టాను. బిళ్ళ అంచు దాకా పొర కమ్మేసి ఉంది. ఆ పది రోజులూ ఆ సీసా చూడ్డానికి మామూలుగానే ఉంది. అదే మసక, అదే వాసన. లోపల జాతులే మారిపోయాయి.

మేడం కుర్చీ లాక్కుని కూర్చుని వివరంగా చెప్పింది. మందు లేనప్పుడు, మందుని తట్టుకునే జీవులు వెనకబడి ఉంటాయి, ఎందుకంటే ఆ తట్టుకునే శక్తి మోయడం వాటికి బరువు. చిటికెడు మందు వేస్తే ఎవరూ చావరు కానీ మామూలు జీవులు నీరసిస్తాయి, ఇవి ముందుకొచ్చి వాటి మేత కూడా తినేస్తాయి. అంతటితో ఆగవు. ఆ శక్తిని పక్కవాటికి పంచుతాయి, తమ జాతికే కాదు, వేరే జాతులకి కూడా. ఇంటికీ ఇంటికీ పెరుగు తోడు ఇచ్చుకున్నట్టు, నాకు అలా అర్థమైంది. కాస్త తోడు చాలు, గిన్నెడు పాలూ పెరుగైపోతాయి. చంపని మందు వాటికి బడి, అంది మేడం. నేను తల ఊపాను. కళ్ళ ముందు మాత్రం బావ రెండు వేళ్ళూ కదిలాయి.

ఆ వచ్చే సెలవుకే ఛత్రపూర్ బస్సు దిగి, ఆటోలో చెరువుల దగ్గరికి వెళ్ళాను. బావ గట్టు మీద మేత ఆరబెడుతున్నాడు. అప్ప నడుం లోతు నీళ్ళలో నిలబడి, రొయ్యలు మేత తింటున్నాయో లేదో చూసే వల పళ్ళెం పైకి లాగుతోంది. మందు ఆపేయమన్నాను. తెలిసిందంతా, సీసాలతో సహా, చెప్పాను.

బావ ఓపికగా విన్నాడు. "ఏ రొయ్యా సావనేదు కదమ్మా" అన్నాడు. "ఎక్కువేస్తే తప్పు గానీ, నాను నువ్వు సెప్పిన సిటికెడు దాటనేదు. కావాలంటే మీ అప్పని అడుగు."

"అప్పుడు నాకు తెలీక సెప్పినాను బావా. సిటికెడే తప్పు."

"మొదట నువ్వే ఎయ్యమంతావు, ఇప్పుడు నువ్వే వద్దంతావు" అని అప్ప నీళ్ళలోంచి నవ్వింది. "దీనికి సదువు ఎక్కువైపోనాది. రా, అన్నం తిందాం."

అన్నం తిన్నాను. వచ్చేటప్పుడు థర్మోకోల్ పెట్టె కూడా తెచ్చుకున్నాను. మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. గట్టిగా చెప్పాలంటే, నేను ఆ రోజు నోటికొచ్చింది చెప్పానని ఒప్పుకోవాలి. నా వల్ల బాగుపడ్డామని నమ్మిన మనుషుల ముందు అది ఒప్పుకోవడం నా వల్ల కాలేదు. ఏడాది, రెండేళ్ళు, మూడేళ్ళు. చిటికెడు తర్వాత చిటికెడు ఆ చెరువుల్లో పడుతూనే ఉంది, ఆ నీళ్ళు పాయలోకి పోతూనే ఉన్నాయి.

పోయిన ఏడు భాద్రపదంలో, మొగలి పూలు కోసుకుపోవడానికి జనం వచ్చి వెళ్ళాక, గట్టు మీద పడ్డ ఆకులు ఏరుతుంటే అప్ప ఎడమ కాలి బొటనవేలి పక్కన ముల్లు దిగింది. ముల్లు లాగేసి, అదే కాలితో చెరువులోకి దిగింది. వల పళ్ళెం చూడాలి కదా. అప్పకి అప్పటికి పదేళ్ళుగా షుగరు. మూడు రోజులు పసుపూ సున్నం పెట్టింది. కాలు వాచాక, సొట్ట మూత డబ్బా తీసింది.

నాకు ఫోను చేసింది ఎనిమిదో రోజు. "ఏం నేదే, కాస్త వాపు. బిళ్ళలు ఉన్నాయి కదా, సగం సగం ఏసుకున్నాను. తగ్గనేదు" అంది. గొంతులో వణుకు ఉంది. అప్ప గొంతు వణకడం నేను అమ్మ పోయిన రోజు కూడా వినలేదు.

బరంపురం తీసుకొచ్చి ఆసుపత్రిలో చేర్పించాం. పుండులోంచి తీసిన చీము మా ల్యాబ్‌కే వచ్చింది. గొట్టం మీద పేరు లేదు, ఒక నంబరు. అది ఎవరిదో నాకు తెలుసు. వేరేవాళ్ళు చేస్తామన్నారు, నేను ఇవ్వలేదు. నా చేత్తోనే పూశాను, నా చేత్తోనే బిళ్ళలు పెట్టాను, మూత పెట్టి వెచ్చటి అలమరలో ఉంచాను. ఇరవై రెండేళ్ళలో మొదటిసారి దేవుడికి దండం పెట్టి పళ్ళెం లోపల పెట్టాను.

పొద్దున తీసి చూస్తే పొర ఒక్క బిళ్ళనీ వదల్లేదు. ఆరో బిళ్ళ, నేను చీటీ మీద రాసిచ్చిన మందు, అది అసలు అక్కడ లేనట్టే ఉంది, దాని చుట్టూ వెంట్రుకంత ఖాళీ కూడా లేదు. స్కేలు చేతిలో పట్టుకుని నిలబడ్డాను. కొలవడానికి ఏమీ లేదు. ఆర్, ఆర్, ఆర్ అని వరసగా రాసుకుంటూ పోయాను. ఫ్రిజ్‌లో విడిగా దాచే బిళ్ళలు, దిక్కులేనప్పుడు వాడేవి, అవి తీసి మళ్ళీ పెట్టాను. దానికి ఇంకో రోజు. అందులో ఒక్కదాని చుట్టూ ఖాళీ వచ్చింది. అది ఇంజెక్షన్‌గా ఎక్కించే మందు. ఎస్ అని రాసి, ఆ కాగితం పట్టుకుని వీధిలో పరిగెత్తాను.

ఇంజెక్షన్లు మొదలుపెట్టారు. అప్పటికే నలుపు చీలమండ దాటింది. కాలు చూసుకుంటే ప్రాణం దక్కదన్నాడు సర్జన్. బావ సంతకం పెట్టలేక పెన్ను నాకిచ్చాడు. మోకాలి కింద దాకా తీసేశారు. మిగిలిన ఒంట్లోంచి ఆ విషాన్ని ఆ ఒక్క మందే వెనక్కి కొట్టింది. అప్ప బతికింది. నన్ను కాలవ దాటించిన కాలు అది.

అప్ప బట్టలు తేవడానికి ఆర్యపల్లి వెళ్ళిన రోజు, చెరువు నీళ్ళు సీసాలో పట్టుకొచ్చి పూశాను. అదే వరస. ఆ బిళ్ళల్లో ఏ ఒక్కటీ పనిచేయలేదు. మేడంకి చూపిస్తే, వరస ఒకటైనంత మాత్రాన ఆ పుండులోదీ ఈ నీళ్ళలోదీ ఒకటేనని చెప్పలేం, దానికి పెద్ద పరీక్షలు కావాలి అంది. ఆసుపత్రి నేల మీదిదీ కావచ్చు, మా కాలవలదీ కావచ్చు, అమ్మ డబ్బా పెంచిందీ కావచ్చు. నిజమే. ఛత్రపూర్ కోర్టులో నిలబెడితే నన్ను నిర్దోషి అని వదిలేస్తారు. నాకు కోర్టు అక్కర్లేదు, నేను ఆ పళ్ళెం చూశాను.

ఇది అప్పతో చెప్పాను. ఆసుపత్రి నుంచి ఇంటికి తీసుకొచ్చిన వారానికి, మంచం పక్కన కూర్చుని, నా వల్లే కావచ్చు అన్నాను. ఏడ్చాను కూడా. అప్ప నా తల నిమిరింది. "ముల్లు దిగితే నువ్వేటి సేస్తావే" అంది. నేను చెప్పిందాంట్లో అప్పకు వినబడింది ఆ ముల్లు ఒక్కటే. ఆ క్షణాన నన్ను తిట్టి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనుకుంటాను.

పోయిన నెల మళ్ళీ వెళ్ళాను. అప్ప అరుగు మీద కుర్చీలో కూర్చుని ఉంది, సగం కాలు స్టూలు మీద. బావ చెరువు దగ్గర్నుంచి వచ్చి, కాళ్ళు కడుక్కుని నా ఎదురుగా కూర్చున్నాడు. మనిషి చిక్కిపోయాడు.

"రొయ్యలు మళ్ళీ మేత మానేసినాయమ్మా. అదే తెల్ల పేగు" అన్నాడు. "ఆ మందు ఎంత ఏసినా ఇప్పుడు పనిసెయ్యటం నేదు."

"పనిసెయ్యదు బావా. సెప్పినాను కదా."

"నువ్వు సెప్పినావు. అందుకే అడగతన్నాను." జేబులోంచి ఫోను తీసి, తెర పెద్దది చేసి నా ముందు పెట్టాడు. నేను రాసిన కాగితం. అప్ప రిపోర్టు. పైనుంచి కింద దాకా ఆర్‌లు, అడుగున ఒక్క ఎస్. దాని మీద వేలు పెట్టాడు. "ఇదొక్కటీ పనిసేస్తాదని డాక్టరు కూడా అన్నారు. మీ అప్ప దీంతోనే బతికినాది. మేత కొట్టోడు ఎక్కడినుంచైనా పొడి తెప్పిస్తానన్నాడు. ఎంత ఎయ్యాలో సెప్పు సాలు."

నేను లేచి నిలబడ్డాను. ఏం అరిచానో పూర్తిగా గుర్తులేదు. దాని తర్వాత ఇంకో మందు లేదని, రేపు అప్పకు ఆ రెండో కాలికి దెబ్బ తగిలితే ఇవ్వడానికి ఏమీ మిగలదని, ఆ పొడి ఈ గట్టు ఎక్కనివ్వననీ అన్నాను. బావ తల వంచుకుని ఫోను జేబులో పెట్టుకున్నాడు. వెయ్యను అని మాత్రం అనలేదు.

అప్ప మోకాలి కింద దిండు సర్దుకుంది. "ఎందుకే మీ బావ మీద అలా కేకలేస్తావు?" అంది నన్ను సముదాయిస్తూ. "ఎక్కువ ఏసే మనిసి కాదు కదా. సిటికెడే ఏస్తారులే."